సీసాలు నింపిన హెల్మి కోసం ఎరీ సరస్సు దాకా

ఆఫీసులో పొద్దుటి మీటింగ్ మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. మేముండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. నేనూ మా ఆయన శ్రీనివాస్ ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే. మా అమ్మాయి మేఘన ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఫోన్ చేసింది వాళ్ళ స్కూల్ కౌన్సెలర్. చాలా మర్యాదగా, కంగారు పడొద్దని రెండుసార్లు చెప్పి, మేఘన స్కూల్ ల్యాప్‌టాప్‌లో వెతికిన ఒక మాట వాళ్ళ సిస్టమ్‌లో ప్రమాదకరమైనదిగా ఫ్లాగ్ అయిందని చెప్పింది. ఆ మాట మోలటోవ్ కాక్‌టెయిల్. నాకు రెండో సగమే అర్థమైంది. పదిహేనేళ్ళ పిల్ల మందు గురించి వెతుకుతోందా అని గుండె జారిపోయింది. కాదు, అది నిప్పంటించి విసిరే సీసా, ఒక రకం బాంబు అని ఆవిడ వివరించాక, మందయినా బాగుండేదే అనిపించింది.

పదిహేడేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నా మా ఇద్దరిదీ ఇంకా హెచ్‌వన్‌బీ వీసానే. అప్పటికి ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. వెనకాల పోలీసు కారు కనిపిస్తే తప్పేమీ చేయకపోయినా స్పీడు చూసుకునే మనిషిని నేను. అలాంటిది మా ఇంటిపేరు పక్కన బాంబు అన్న మాట ఏదో కంప్యూటర్లో చేరిందంటే ఆ రోజంతా నాకు పని సాగలేదు. సాయంత్రం మేఘన బ్యాగు కింద పెట్టకముందే పట్టుకున్నాను.

"ఏం వెతికావే నువ్వు?"

"హిస్టరీ ప్రాజెక్ట్ అమ్మా. ఏదైనా ఒక వస్తువుకి ఆ పేరు ఎలా వచ్చింది అని రాయాలి. నేను మేక్ చేయట్లేదు, రాస్తున్నాను."

"వేరే వస్తువే దొరకలేదా? మిగతా పిల్లలు ఏం తీసుకున్నారు?"

"శాండ్‌విచ్. కార్డిగన్ స్వెటర్. మంచివన్నీ ఆల్రెడీ టేకెన్."

మర్నాడు స్కూల్‌కి వెళ్ళి కౌన్సెలర్‌ని, హిస్టరీ టీచర్‌ని కలిశాం. ఇద్దరూ మంచివాళ్ళే. పిల్లది చరిత్రే రాస్తోందని వాళ్ళకి అర్థమైంది. తయారీ సంగతుల జోలికి పోకుండా మనుషుల గురించి రాయమన్నారు, వీలైతే ఆ రోజులతో సంబంధమున్న వాళ్ళెవరితోనైనా మాట్లాడమన్నారు. నేను మాత్రం టాపిక్ మార్చమని ఇంట్లో పోరు పెడుతూనే ఉన్నాను. ఈలోగా మేఘన ఒహాయోలో ఎరీ సరస్సు ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్ళోని మ్యూజియానికి ఈమెయిల్ పంపింది. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు నడుపుకునే మ్యూజియం అది. ఐలీ అనే ఆవిడ జవాబు ఇచ్చారు. వాళ్ళ అమ్మ హెల్మి యుద్ధకాలంలో ఆ సీసాలు నింపిన ఫ్యాక్టరీలోనే పనిచేసిందట. తనకి చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోన్లూ వీడియో కాల్సూ కుదరవు, రాగలిగితే శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు.

మా ఆయనది వరంగల్. ఏ విషయానికీ త్వరగా బెదరడు. "ఏం కాదు తియ్. హిస్టరీయే గదా. నాకు ఆఫీసుల వీకెండ్ రిలీజ్ ఉంది, లేకుంటె నేను గూడ వస్తుంటి. మంచిగ పోయిరాండి" అన్నాడు. నేను మేఘనతో ఒక ఒప్పందం చేసుకున్నాను. డ్రైవ్ చేసి తీసుకెళ్తాను, కానీ వెళ్ళొచ్చాక నాకు వద్దనిపిస్తే టాపిక్ మార్చాలి. సరేనంది.

అక్టోబర్‌లో ఒక శనివారం తెల్లవారుతుండగా బయల్దేరాం. లీస్‌బర్గ్ మీదుగా రూట్ 15 పట్టుకుని, మేరీలాండ్‌లో ఫ్రెడెరిక్ దగ్గర ఐ-70 ఎక్కి పడమటికి వెళ్ళాలి. రెండు గంటల్లో పెన్సిల్వేనియాలోని బ్రీజ్‌వుడ్ వస్తుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. అంతసేపూ ఆగకుండా పరుగెత్తిన హైవే ఉన్నట్టుండి ట్రాఫిక్ లైట్ల వీధిలో తేలుతుంది. రెండు వైపులా పెట్రోలు బంకులు, ఫాస్ట్‌ఫుడ్ బోర్డులు. దారి తప్పానేమో అనుకుని నేను ఒక బంకులోకి తిప్పేశాను. కాఫీ తీసుకుంటూ కౌంటర్‌లో అమ్మాయిని టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎటని అడిగితే, "మీరు సరిగ్గానే వచ్చారు, అందరూ ఇదే అడుగుతారు" అని చేత్తో చూపించింది. ఆ వీధి చివరే టర్న్‌పైక్. టోల్ చవకేం కాదు. కారు అద్దానికి పెట్టుకునే ఈజీపాస్ లేకపోతే దాదాపు రెట్టింపు పడుతుంది, బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. సొరంగం దాటి కొండల మీదికి వచ్చేసరికి చెట్లన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా ఉన్నాయి. ఆ అందం చూస్తూ హాయిగా నడపొచ్చు గానీ నా బుర్రంతా ఆ సీసా మీదే ఉంది.

"ఇంతకీ ఆ పేరెవరిది? కనిపెట్టినవాడిదా?" అని అడిగాను.

"కాదమ్మా, అదే ఫన్నీ పార్ట్. అది ఎనిమీ మినిస్టర్ పేరు."

దారి పొడవునా మేఘన చెప్పింది మీకు నా మాటల్లో చెబుతాను. 1939 చలికాలంలో సోవియట్ యూనియన్ తన పొరుగున ఉన్న చిన్న దేశం ఫిన్లాండ్ మీద దండెత్తింది. ఊళ్ళ మీద విమానాలు బాంబులు వేస్తుంటే, సోవియట్ విదేశాంగ మంత్రి మోలటోవ్ అవి బాంబులు కావు, ఆకలితో ఉన్నవాళ్ళకి మేం పంపుతున్న ఆహారం అన్నాడట. ఫిన్లాండ్ వాళ్ళు ఆ బాంబులకి ఆయన పేరు మీదే రొట్టెల బుట్ట అని పేరు పెట్టారు. రొట్టె పంపినవాడికి తాగడానికి కూడా ఏదైనా ఇవ్వాలి కదా అని, తమ సైనికులు ట్యాంకుల మీద విసిరే మంట సీసాలని ఆయన పేరుతోనే కాక్‌టెయిల్ అన్నారు. ట్యాంకుల్ని ఆపే తుపాకులు వాళ్ళ దగ్గర చాలినన్ని లేవు. ప్రభుత్వ మద్యం ఫ్యాక్టరీలో సారాయి నింపే చోటే ఈ సీసాలు నింపారు. నింపినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు.

"అయితే మొదట చేసింది ఫిన్లాండ్ వాళ్ళే అన్నమాట."

"కాదు. అంతకుముందే స్పెయిన్‌లో సివిల్ వార్‌లో వాడారు. ఫిన్లాండ్ వాళ్ళు పేరు పెట్టారు."

"సరే, యుద్ధం ఎవరు గెలిచారు?"

"డిపెండ్స్."

"గెలవడం కూడా డిపెండ్సేనా?"

"ఫిన్లాండ్ చాలా ల్యాండ్ ఇచ్చేసింది. బట్ వాళ్ళ కంట్రీ వాళ్ళకి ఉంది. సో, నాకూ తెలీదు."

కనిపెట్టినవాళ్ళు ఒకరు, పేరు పెట్టినవాళ్ళు ఒకరు, పేరున్నవాడు వాళ్ళ శత్రువు, గెలిచిందెవరో తెలియదు. ఇదంతా అయిదు పేజీల్లో ఎలా పడుతుందో నాకు అర్థం కాలేదు.

పిట్స్‌బర్గ్ దాటి ఒహాయోలోకి ప్రవేశించాం. భోజనానికి క్లీవ్‌లాండ్ శివార్లలోని పార్మాలో ఆగాం. శనివారం నేను మాంసం తినను. పార్మాలో యుక్రెయిన్ వాళ్ళు ఎక్కువ, వాళ్ళ వంటల్లో బంగాళాదుంప కూరిన కుడుములు ఉంటాయని ఒక స్నేహితురాలు చెప్పింది. నాలుగైదు బల్లలున్న చిన్న హోటల్ అది. ప్లేటు పన్నెండు డాలర్లు. వాళ్ళు మామూలుగా పైన వేయించిన పంది మాంసం చల్లుతారు, ముందే వద్దని చెప్పాలి. వేయించిన ఉల్లిపాయలు, పుల్లటి మీగడతో వచ్చాయి. మేం ఇంట్లోంచి తెచ్చుకున్న కారప్పొడి చల్లుకుంటుంటే వంట చేసే ఆవిడ లోపల్నుంచి చూసి నవ్వుతూ వచ్చింది. పేరు ఒక్సానా. నా వయసే ఉంటుంది.

"ఇంత దూరం దేనికొచ్చారు, పెళ్ళికా?" అని అడిగింది.

నేను బల్ల కింద మేఘన కాలు తొక్కాను. అది పట్టించుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఒక్సానా నవ్వు ఆగింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని మా పక్క కుర్చీలో కూర్చుంది.

"మా అక్క ద్నీప్రోలో సంగీతం టీచరు. 2022లో మా దేశం మీద యుద్ధం మొదలైంది కదా, ఆ రోజుల్లో పార్కులో కూర్చుని మిగతా ఆడవాళ్ళతో కలిసి ఆ సీసాలే నింపింది. నాకు వీడియో కాల్ చేసి చూపించింది. గోళ్ళకి వేసుకున్న రంగు కూడా అలాగే ఉంది."

"మీకు భయం వేయలేదా?" అన్నాను.

"అప్పుడు నేను ఇక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాను. నాకు భయం తర్వాత వేసింది. ముందు అక్కని చూసి ఈర్ష్య పడ్డాను."

"ఆ సీసాలు ఏమయ్యాయి?" అంది మేఘన.

"ఆ ఊళ్ళోకి సైన్యం రాలేదు. వాటిని ఏం చేశారో నేనెప్పుడూ అడగలేదు," అని ఒక్సానా లేచి, మేఘన కోసం ఇంకో నాలుగు కుడుములు తెచ్చి పెట్టింది. వాటికి డబ్బు తీసుకోలేదు.

కారెక్కాక అదే ఆలోచిస్తూ నడిపాను. మా ఊళ్ళో ఏ మాట వల్ల స్కూల్ నుంచి ఫోన్ వచ్చిందో, ఆ మాట విని ఈ ఊళ్ళో ఒకావిడ నా కూతురికి ఇంకాస్త వడ్డించింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పని అనలేను.

పార్మా నుంచి ఆ సరస్సు ఊరికి ముప్పావు గంట. ఊరు చిన్నది. ఒకే పెద్ద వీధి, చివర లైట్‌హౌస్, దాని కింద ఇసుక ఒడ్డు. ఎరీని సరస్సు అంటారు గానీ అవతలి ఒడ్డు కనపడదు, అలలు కూడా లేస్తాయి. ఒంగోలు దగ్గర పుట్టిన నాకు అది సముద్రమే. ఉప్పు వాసన లేకపోవడం మాత్రం వింతగా ఉంది.

మ్యూజియం అంటే ఒక పాత హాలు. చెక్క స్కీలు, మగ్గం, రాగి కాఫీ పాత్రలు, ఓడరేవులో పనిచేసిన మగవాళ్ళ ఫోటోలు. టికెట్ లేదు, గుమ్మం దగ్గర డబ్బాలో తోచినంత వేయొచ్చు. ఐలీ గారు తలుపు దగ్గరే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నారు, రెండు చెవుల్లోనూ మిషన్లు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను. మేఘన నేరుగా అద్దాల పెట్టెలో ఉన్న ఖాళీ సీసా దగ్గరికి వెళ్ళింది.

"ఇది అప్పటిదేనా?"

"అప్పటి మద్యం సీసా, అంతే. అసలువి ఎలా మిగులుతాయమ్మా, విసిరేశారు కదా," అన్నారు ఐలీ.

మేఘన అడిగి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుంది. ఐలీ చెప్పడం మొదలుపెట్టారు. హెల్మికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. మద్యం ఫ్యాక్టరీలో సీసాలు నింపే వరుసలో పని. యుద్ధం మొదలైన కొత్తలో ఒక రోజు పనికి వెళ్ళేసరికి సీసాలు అవే, నిలబడే చోటూ అదే, వాసన మాత్రం వేరు. బయట ఎవరితోనూ అనొద్దన్నారు. ఎవరూ అననక్కర్లేకపోయింది, అమ్మాయిల జుట్టు వాసనే ఊరంతటికీ చెప్పేసింది. హెల్మి ఇంటికొస్తే, ఎక్కడ నిప్పంటుకుంటుందోనని వాళ్ళమ్మ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదట. బయట గడ్డకట్టే చలి, ఇంట్లో ఉన్న ఒక్క వెచ్చటి మూలా ఆమెకి లేదు. చలికాలం అయ్యేలోపు యుద్ధం ఆగింది. తర్వాత కొన్నేళ్ళకి హెల్మి పెళ్ళి చేసుకుని, బంధువులున్న ఈ ఊరికి వచ్చేసింది. ఐలీ ఇక్కడే పుట్టారు.

మేఘన మొహం వెలిగిపోతోంది. దానికి కావలసిన కథ దొరికింది. నాకూ కాస్త ధైర్యం వచ్చింది. ధైర్యవంతురాలైన అమ్మాయి, పెద్ద దేశం దాడి, చిన్న దేశం ఎదురు నిలవడం. ఇలా రాస్తే ఏ కౌన్సెలరూ ఏమీ అనదు అనుకున్నాను.

నాలుగింటికి ఐలీ మ్యూజియం తాళం వేసి, "ఇంటికి రండి, కాఫీ తాగుదాం," అన్నారు. రెండు వీధుల అవతల ఇల్లు. లోపలికి అడుగు పెట్టగానే ఏలకుల వాసన. వాళ్ళు బన్నులో ఏలకులు దంచి వేస్తారట. ఆ వాసనకి నేను కొత్త చోటన్న సంగతి మర్చిపోయి, అడక్కుండానే వెళ్ళి ప్లేట్లు అందుకున్నాను. మేఘన మళ్ళీ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు చెప్పేది రికార్డ్ చేయకమ్మా. ముందు విను," అన్నారు ఐలీ. మేఘన ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

ఐలీ చిన్నప్పుడు ఈ ఊళ్ళో వాళ్ళ నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో స్తెపాన్ అనే యుక్రెయిన్ మనిషి గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఫిన్లాండ్ మీద యుద్ధం నాటికి యుక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో భాగమే, అక్కడివాళ్ళూ ఆ సైన్యంలో ఉన్నారు. మొహం ఒకవైపు, రెండు చేతుల మీదా కాలిన మచ్చలు. యుద్ధాలన్నీ అయ్యాక, సొంత ఊరికి తిరిగి వెళ్ళలేని వాళ్ళతో పాటు భార్య మరియాతో ఈ దేశం వచ్చాడు. ఒక ఎండాకాలం ఫ్యాక్టరీ వాళ్ళందరి పిక్నిక్‌లో ఎవరో ఆ మచ్చల గురించి అడిగారు. స్తెపాన్‌కి ఇంగ్లీషు రాదు. "ఫిన్లాండ్. ట్యాంక్. బాటిల్," అని, సీసా విసిరినట్టు చేయి ఊపి, తన మొహం చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బార్‌లో జరిగిన కొట్లాట అనుకుని నవ్వారు. హెల్మి చేతిలో ప్లేటు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

"ఆ తర్వాత అమ్మ వీధిలో ఆయన ఎదురైతే అవతలి వైపుకి దాటేసేది. నన్నూ లాక్కుపోయేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు. అలా చాలా రోజులు సాగింది," అన్నారు ఐలీ. "నాకు పదకొండేళ్ళప్పుడు ఒక ఆదివారం అమ్మ కోటు వేసుకుని, నన్నూ వేసుకోమంది. వాళ్ళింటికి వెళ్ళాం. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను స్కూల్‌కి వెళ్తున్నాను కదా, అందుకని నన్ను తీసుకెళ్ళింది."

"ట్రాన్స్‌లేట్ చేయడానికా?" అంది మేఘన.

"అవును. అమ్మ ఫిన్నిష్‌లో చెబుతుంది. నేను ఇంగ్లీషులో మరియాకి చెప్పాలి. మరియా ఆయనకి వాళ్ళ భాషలో చెబుతుంది. అమ్మ ఒకటే మాట అంది. 'ఆ సీసాలు నింపే ఫ్యాక్టరీలో నేను పనిచేశాను' అని. నాకు ఆ ఫ్యాక్టరీ అంటే మద్యం ఫ్యాక్టరీ అనే తెలుసు. మరియాతో నేను, మా అమ్మ డ్రింక్స్ ఫ్యాక్టరీలో పనిచేసింది అన్నాను. మరియా ఆయనకి ఏదో చెప్పింది. అమ్మ చేతులతో నింపినట్టు, మూత పెట్టినట్టు కూడా చూపించింది. ఆయన అమ్మ చేతుల్నే చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వి ఒక మాట అన్నాడు. మరియా నవ్వలేదు. నాకు ఇంగ్లీషులో చెప్పింది."

"ఏమన్నాడు?"

"'ఆ యుద్ధం మొత్తంలో నాకు వెచ్చగా అనిపించింది అప్పుడొక్కసారే' అని."

మేఘన నా వైపు చూసింది. నేను ఐలీ వైపు చూశాను.

"నేను అమ్మకి అదే చెప్పాను. అమ్మ వాళ్ళిచ్చిన టీ మొత్తం తాగింది. ఇద్దరం ఇంటికొచ్చాం. ఆ రోజు నించి అమ్మ వీధి దాటడం మానేసింది. ఎదురైతే ఇద్దరూ తలూపుకునేవాళ్ళు. స్నేహమేం లేదు. ఆయన పోయినప్పుడు అమ్మ వాళ్ళ చర్చికి వెళ్ళి వెనక వరసలో నిలబడి వచ్చింది." ఐలీ మా కప్పుల్లో ఇంకాస్త కాఫీ పోశారు. "పెద్దయ్యాక ఎక్కడో చదివాను. ఆ యుద్ధంలో వాళ్ళ సైనికులకి చలికి తట్టుకోమని వోడ్కా ఇచ్చేవాళ్ళట. నేను డ్రింక్స్ అన్నాను కదా. ఆయన అన్నది తను కాలిన రోజు గురించా, వోడ్కా తాగిన రోజు గురించా? అమ్మ ఎవరో ఆయనకి తెలిసిందా, తెలియలేదా? అరవై ఏళ్ళు దాటింది. నాకు ఇప్పటికీ తెలియదు."

మేఘన గొంతు బాగా తగ్గిపోయింది. ఐలీకి వినపడక రెండోసారి అడగాల్సి వచ్చింది. "మీ అమ్మ సారీగా ఫీలయ్యారా?"

"అడిగాను నేను కూడా. వాళ్ళు మళ్ళీ వస్తే మళ్ళీ నింపుతాను అంది. ఆ మాట అన్నాక తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది."

బయల్దేరేటప్పుడు ఐలీ గుమ్మం దాకా వచ్చి మేఘన భుజం మీద చేయి వేశారు. "రాసుకో అమ్మా, నాకు అభ్యంతరం లేదు. కానీ మా అమ్మ గురించి రాస్తే స్తెపాన్ గురించి కూడా రాయాలి. ఆయన్ని వదిలేసేటట్టయితే ఇద్దర్నీ వదిలేయి."

ఊరికి పది నిమిషాల దూరంలో హైవే పక్కన మోటెల్ బుక్ చేసుకున్నాం. గది నూట ఇరవై డాలర్ల లోపే. అక్కడికి వెళ్ళేముందు, ఇంకా వెలుతురు ఉండగానే ఇసుక ఒడ్డుకి వెళ్ళాం. చలి గాలి కొడుతోంది. ఎవరో ఇద్దరు కుక్కతో నడుస్తున్నారు. మేఘన జాకెట్ టోపీ తలమీదికి లాక్కుని, నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

"అమ్మా, టాపిక్ మార్చేస్తాను," అంది.

నేను విన్నది నిజమేనా అని అడిగాను.

"మ్యూజియంలో విన్నంత వరకూ ఈజీగా ఉండె. షీ వజ్ ఎ హీరో. ఇప్పుడు అలా రాస్తే లై చెప్పినట్టు. ఆయన గురించి రాస్తే ఆవిడ బ్యాడ్ అన్నట్టు. ఒక్సానా ఆంటీ సిస్టర్ కూడా బ్యాడ్ అన్నట్టు. నాకు ఎలా రాయాలో తెలీట్లేదు."

మూడు వారాలుగా నేను వినాలనుకున్న మాట అది. ఒప్పందం ప్రకారం నాకు మాట్లాడే పని కూడా లేదు, సరే అంటే చాలు. కానీ అనలేకపోయాను. ఆ రోజు పదకొండేళ్ళ పిల్ల ఐలీ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య నిలబడి, తనకి వచ్చిన భాషలో చెప్పగలిగినంత చెప్పింది. అందులో ఎంత చేరిందో దానికి తెలియకపోయినా చెప్పడం మాత్రం మానలేదు. ఈ ఆలోచన అప్పుడు నాకు ఇంత స్పష్టంగా లేదు. నోటికొచ్చిందే అన్నాను.

"తెలీట్లేదని రాయి. ఆవిడకీ తెలియదుగా."

"అలా రాస్తే మార్క్స్ పోతాయి అమ్మా."

"పోనీ."

మార్కులు పోనీ అన్న మాట నా నోటి నుంచి మేఘన అంతకుముందు ఎప్పుడూ విని ఉండదు. నా మొహంలోకి అనుమానంగా చూసింది. నాకు కూడా ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

ఆదివారం అదే దారిలో వెనక్కి వచ్చాం. కారులో అది వెనక సీట్లో కూర్చుని రాస్తూనే ఉంది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. ఎందుకని అడిగితే తెలీదంది. బ్రీజ్‌వుడ్‌లో ఆగి చిప్స్ కొనిచ్చాను.

రెండు వారాల తర్వాత క్లాసులో ప్రెజెంట్ చేసింది. కౌన్సెలర్ కూడా వచ్చి వెనక కూర్చుందట. అయ్యాక ఒకబ్బాయి, ఇంతకీ ఇందులో మంచివాళ్ళెవరు అని అడిగితే, మేఘన "ఐ డోంట్ నో" అని చెప్పి కూర్చుందట. బి ప్లస్ వచ్చింది. పరిశోధన చాలా బాగుంది, కానీ చివరికి ఏం తేల్చిందో స్పష్టంగా లేదని టీచర్ రాశారు. శాండ్‌విచ్ గురించి రాసిన పిల్లకి 'ఏ' గ్రేడు వచ్చింది. ఆ సాయంత్రం కౌన్సెలర్ నాకు ఫోన్ చేసి, ఆ ఫ్లాగ్ ఎప్పుడో తీసేశామని, హెల్మి కథ తన భర్తకి కూడా చెప్పానని అంది. ఆవిడ గొంతులో కూడా ఏదో తేలని సంగతి ఉన్నట్టనిపించింది. మా వీసా ఎక్స్‌టెన్షన్ తర్వాత మామూలుగానే వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదని లాయర్ మొదటి రోజే చెప్పాడు, నేనే వినిపించుకోలేదు.

ప్రయాణం చేసొస్తే ఏదో ఒకటి తేలుతుందని మనం అనుకుంటాం. నాకు ఏమీ తేలలేదు. హెల్మి స్థానంలో నేనుంటే నింపేదాన్నా అని ఆలోచిస్తే, నింపేదాన్నే అనిపిస్తుంది. వెంటనే ఆ కాలిన చేతులు గుర్తొస్తాయి, నేను చూడకపోయినా. స్తెపాన్ కూడా ఎవరో పంపితే ఆ మంచులోకి వచ్చినవాడే. ఆయన ట్యాంకు ముందు ఉన్న ఇళ్ళల్లో హెల్మిలాంటి అమ్మాయిలున్నారు. ఒకరి వైపు తిరిగి ఆలోచిస్తే రెండోవాళ్ళకి అన్యాయం చేస్తున్నట్టుంటుంది. మొన్న కాఫీ పెట్టుకుంటూ మా ఆయనతో ఇదే అంటే, "నువ్వు డిసైడ్ చెయ్యాల్నని ఎవరన్న అడిగిన్రా?" అన్నాడు. ఎవరూ అడగలేదు. కానీ ఒకావిడ అరవై ఏళ్ళుగా మోస్తున్న ప్రశ్నని మాకు కాఫీతో పాటు ఇచ్చి పంపింది. దాన్ని తేలిగ్గా ఎక్కడైనా దింపేయడం నాకు చేతకావడం లేదు. వాళ్ళిద్దరూ వీధిలో ఎదురైనప్పుడు తలూపుకునేవాళ్ళు అన్న మాట దగ్గరే ప్రతిసారీ ఆగిపోతున్నాను.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఇలాంటి చిన్న మ్యూజియాలు వారంలో ఒకటి రెండు మధ్యాహ్నాలే తెరుస్తారు, చలికాలంలో మూసేస్తారు కూడా. ముందుగా రాసి, ఎవరుంటారో కనుక్కుని వెళ్ళండి, ఆ సాయంత్రానికి మాత్రం ఇంకే ప్లానూ పెట్టుకోకండి. అసలు మాట తలుపులు మూశాక, రెండో కప్పు కాఫీ దగ్గర మొదలవుతుంది.